పక్కవారితో పోల్చుకుంటున్నారా? ఆ కొలబద్ద పారెయ్యండి!

రాత్రి పదకొండు దాటినా నిద్ర పట్టదు. తెల్లవారి లేస్తే తల బరువు. అన్నం ముందు కూర్చుంటే రెండు ముద్దలకే కడుపు నిండిపోయినట్టుంటుంది. గుండె అప్పుడప్పుడూ దడదడలాడుతుంది. ఏ పని మీదా మనసు నిలవదు. ఈ బాధలతో మీరు డాక్టరు దగ్గరకు వెళ్తారు. ఆయన బి.పి. చూస్తాడు, రక్తం పరీక్ష చేయిస్తాడు, అవసరమైతే ఇ.సి.జి. తీయిస్తాడు. చివరికి "అన్నీ బాగానే ఉన్నాయి, భయం లేదు" అంటాడు. మీకు సంతోషం కలగదు సరికదా, "నా జబ్బు ఈయనకు అంతుపట్టలేదు" అనుకుని మరో డాక్టరును వెతుక్కుంటారు.

కాని ఓపిక గల డాక్టరు ఇంకో పది నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడిస్తే అసలు సంగతి మెల్లగా బయటపడుతుంది.

"మా తమ్మునికి సర్కారు నౌకరి వచ్చింది డాక్టర్ సాబ్. నేనింక కోచింగ్ సెంటర్ల చుట్టే తిరుగుతున్న."

"నాతోని సదువుకున్నోళ్ళంత అమెరికా పోయిన్రు."

"మా తోటికోడలు రెండంతస్తుల ఇల్లు కట్టింది. మేమింక కిరాయి ఇంట్లనే ఉన్నం."

కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, మంచిర్యాల, నిర్మల్, ఆదిలాబాద్... పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఏ ఊరికి వెళ్ళినా ఈ మాటలే వినబడతాయి. ఆ మాటకొస్తే ఎక్కడైనా వినబడతాయి. ఈ జబ్బు పేరు "పోలిక". ఇది ఏ వైద్యగ్రంథంలోనూ జబ్బుగా నమోదు కాలేదు. కాని ఎన్నో జబ్బులకు ఇది దారి తీస్తుంది. అందుకే ఈ వారం దీని సంగతి చూద్దాం.

పోలిక ఎందుకు పుడుతుంది?

ముందుగా ఒక విషయం తెలుసుకోండి. ఇతరులతో పోల్చుకోవడం పాపం కాదు, తప్పు కూడా కాదు. అది మనిషి స్వభావం. లియోన్ ఫెస్టింగర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1954లో దీనిని ఒక సిద్ధాంతంగా వివరించాడు. ఆయన చెప్పిన దాని సారాంశం ఇది: మన బరువు ఎంతో తెలుసుకోవాలంటే తూకం ఉంది. ఎత్తు తెలుసుకోవాలంటే టేపు ఉంది. కాని "నేను తెలివైనవాణ్ణా? నా బతుకు బాగుందా?" అనే ప్రశ్నలకు ఏ తూకమూ లేదు. అప్పుడు మనం పక్కవాణ్ణే తూకపురాయిగా చేసుకుంటాం.

ఆయన ఇంకో సంగతి కూడా చెప్పాడు. మనం అందరితోనూ పోల్చుకోం. మనలాంటి వాళ్ళతోనే పోల్చుకుంటాం. చూడండి, టాటా బిర్లాల ఆస్తి చూసి మీకెప్పుడైనా నిద్ర పట్టకుండా పోయిందా? లేదు. కాని తోడల్లుడు కొత్త కారు కొంటే ఆ రాత్రి పక్క మీద దొర్లుతారు. క్లాసులో పక్క బెంచీ వాడు, బావమరిది, తోటి గుమాస్తా, ఎదురింటివాళ్ళు - మన కొలబద్దలు వీళ్ళే. దగ్గరి వాళ్ళు కనుకనే ఆ దెబ్బ ఎక్కువగా తగులుతుంది.

కనుక "ఇక మీదట నేను ఎవరితోనూ పోల్చుకోను" అని ఒట్టు పెట్టుకోవడం వల్ల లాభం లేదు. ఆ ఆలోచన వస్తూనే ఉంటుంది. అది వచ్చాక దానిని ఏం చెయ్యాలన్నదే మనం నేర్చుకోవాలి.

ఊళ్ళో మొదటివాడు, బాసరలో నూరోవాడు

గోదావరి ఒడ్డున ఉన్న బాసర గురించి మీకు చెప్పనక్కరలేదు. ఏటా ఎందరో తల్లిదండ్రులు పిల్లల్ని సరస్వతీ అమ్మవారి సన్నిధికి తీసుకువెళ్ళి అక్షరాభ్యాసం చేయిస్తారు. అదే బాసరలో 2008లో మన పిల్లల కోసం ట్రిపుల్ ఐ.టి. వచ్చింది. పదో తరగతి మార్కులను బట్టి, ముఖ్యంగా పల్లెటూళ్ళ ప్రభుత్వ పాఠశాలల్లో చదివిన పిల్లలను దృష్టిలో పెట్టుకుని అక్కడ సీట్లిస్తారు. రెండేళ్ళు ఇంటర్‌తో సమానమైన చదువు, నాలుగేళ్ళు ఇంజనీరింగు, మొత్తం ఆరేళ్ళు. ప్రతి ఏడూ వెయ్యి మందికి పైగా పిల్లలు అక్కడికి చేరతారు.

ఇప్పుడు ఒక పిల్లవాణ్ణి ఊహించుకోండి. వాడు బళ్ళో మొదటివాడు. హెడ్మాస్టరు భుజం తట్టాడు. ఊరంతా "మన పిలగానికి బాసరల సీటొచ్చింది" అని చెప్పుకుంది. పదిహేను పదహారేళ్ళ వయసులో పెట్టె సర్దుకుని హాస్టలుకు వెళ్ళాడు. అక్కడ చూస్తే తన చుట్టూ ఉన్న ప్రతి ఒక్కడూ తన బళ్ళో మొదటివాడే! మొదటి పరీక్షలో వీడికి నూరో స్థానమో, ఆరువందలో స్థానమో వచ్చింది. వాడి తెలివి తగ్గిందా? ఒక్క పిసరు తగ్గలేదు. మారింది చుట్టూ ఉన్న వాళ్ళు మాత్రమే. కాని వాడేమనుకుంటాడు? "నేను మొద్దునై పోయాను. ఊళ్ళో అందర్నీ మోసం చేశాను" అనుకుంటాడు. ఇంటికి ఫోను చేస్తే "మంచిగ సదువుతున్నవా బిడ్డా?" అని తల్లి అడుగుతుంది. "ఆఁ" అంటాడు. అసలు మాట గొంతులోనే ఉండిపోతుంది.

ఇది ఒక్క బాసర పిల్లలకే వచ్చే కష్టం కాదు. గురుకులం నుంచి హైదరాబాద్ కార్పొరేట్ కళాశాలకు వెళ్ళినా, ఇక్కడి నుంచి ఐ.ఐ.టి.కి వెళ్ళినా, మెడికల్ కాలేజీలో చేరినా ఇదే జరుగుతుంది. మార్ష్, పార్కర్ అనే ఇద్దరు పరిశోధకులు 1984లోనే ఈ విషయం రాశారు. ఒకే తెలివితేటలు గల ఇద్దరు పిల్లల్లో ఒకణ్ణి మామూలు బడిలో, మరొకణ్ణి ఏరి తెచ్చిన పిల్లలున్న బడిలో వేస్తే, రెండో పిల్లవాడికి తన చదువు మీద తనకు నమ్మకం తక్కువగా ఉంటుందని వాళ్ళు తేల్చారు. చిన్న చెరువులో పెద్ద చేప సముద్రంలోకి వెళితే తనను తాను చిన్న చేప అనుకుంటుంది. చేప పరిమాణం మాత్రం మారలేదు. తరవాత ఎన్నో దేశాల పిల్లల్లో ఇదే ఫలితం కనబడింది.

కనుక హాస్టలుకు పంపే ముందే పిల్లలకు ఈ మాట చెప్పండి: "అక్కడ నీ నంబరు కిందకి పోతుంది. పోయినా ఏం కాదు. పోయిన నెల రాని లెక్క ఈ నెల వస్తోందా లేదా అదొక్కటే చూసుకో." ఈ ఒక్క మాట ముందుగా చెవిన పడితే, మొదటి పరీక్ష ఫలితం రోజున పిల్లవాడు కూలిపోడు. ఏ ధైర్యమైనా ముందుగా చెప్తేనే పనికొస్తుంది.

స్లాబు కనబడుతుంది, బాకీ కనబడదు

"బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి" - మన ప్రాంతంలో బతుకుతెరువు గురించి వాడుకలో ఉన్న మాట ఇది. కొందరు సింగరేణి గనుల్లోకి దిగారు. కొందరు బొంబాయి, భివండి మిల్లులకు పోయారు. మరికొందరు గల్ఫ్ దేశాలకు ఎగిరిపోయారు. గల్ఫ్ డబ్బుతో ఊళ్ళో కొత్త స్లాబు ఇళ్ళు లేచాయి.

ఆ ఇళ్ళను చూసి పక్కింటివాళ్ళు కుమిలిపోతారు. కాని ఆ ఇంటి పునాదిలో ఏముందో వాళ్ళకు కనబడుతుందా? ఏజెంటుకు కట్టిన డబ్బు, దాని కోసం తెచ్చిన అప్పు, అప్పు మీద మిత్తి, ఎర్రటి ఎండలో చేసిన పని, కూతురు పుట్టినప్పుడు రాలేకపోవడం, తండ్రి చచ్చిపోతే చివరి చూపుకు అందకపోవడం, ఇవేవీ గోడ మీద రాసి ఉండవు. గోడకు వేసిన రంగు ఒక్కటే కనబడుతుంది. అటు దుబాయిలో ఉన్నవాడేమో "ఊళ్ళె ఉన్నోడే నయం, పెండ్లాం పిల్లలతోని ఉన్నడు" అని కుమిలిపోతుంటాడు. పొరుగింటి పుల్లకూర రుచి అని మనవాళ్ళు ఊరికే అన్నారా?

దీనికీ పరిశోధనల ఆధారం ఉంది. అమెరికాలో 2011లో ప్రచురించిన ఒక అధ్యయనంలో కాలేజీ విద్యార్థులను వాళ్ళ తోటివారి కష్టసుఖాలను గురించి అంచనా వెయ్యమన్నారు. తోటివారి దుఃఖాన్ని అసలు ఉన్నదానికంటె తక్కువగాను, సంతోషాన్ని ఎక్కువగాను వాళ్ళు అంచనా వేశారు. ఎందుకంటే మనుషులు నవ్వులు నలుగురిలో నవ్వుతారు, ఏడుపులు గది తలుపులు వేసుకుని ఏడుస్తారు. మనం మన లోపలి బాధను ఎదుటివాడి బయటి నవ్వుతో పోలుస్తున్నాం. ఆ లెక్క ఎప్పటికీ సరికాదు.

ఇప్పుడు చేతిలోకి ఫోన్లు వచ్చాయి. పూర్వం పోలిక పెళ్ళిళ్ళలో, పండుగలలో జరిగేది. ఇప్పుడు పక్క మీద నుంచి లేవకముందే మొదలవుతోంది. వాట్సాప్ స్టేటస్‌లో కొత్త కారు, ఇన్‌స్టాగ్రామ్‌లో విహారయాత్ర, ఫేస్‌బుక్‌లో పెళ్ళిరోజు ఫోటోలు! పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 2018లో 143 మంది విద్యార్థుల మీద ఒక ప్రయోగం చేశారు. కొందరిని ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్ ఒక్కొక్కటి రోజుకు పది నిమిషాలకు మించి చూడవద్దన్నారు. మూడు వారాలు గడిచేసరికి, మామూలుగా చూసిన వాళ్ళకంటె వీళ్ళలో ఒంటరితనం, దిగులు తగ్గాయి. మందు లేదు, ఖర్చు లేదు. ప్రయత్నించి చూడండి.

వెండి పతకం ఎందుకు ఏడిపిస్తుంది?

1992లో బార్సిలోనాలో ఒలింపిక్ క్రీడలు జరిగాయి. పతకాలు గెలిచిన ఆటగాళ్ళ ముఖాలను వీడియోలో చూపించి, ఎవరు ఎంత సంతోషంగా కనబడుతున్నారో మార్కులు వెయ్యమన్నారు కొందరు మనస్తత్వ శాస్త్రవేత్తలు. ఈ అధ్యయనం 1995లో వెలువడింది. బంగారు పతకం తరవాత ఎక్కువ సంతోషం వెండి పతకం వాడికే ఉండాలి కదా! కాదు. మూడో స్థానంలో వచ్చి కంచు పతకం గెలిచినవాడే రెండో స్థానం వాడి కంటె ఎక్కువ సంతోషంగా ఉన్నాడు.

కారణం తెలుసా? రెండోవాడు పైకి చూశాడు: "అయ్యో, బంగారం తప్పిపోయిందే!" మూడోవాడు కిందికి చూశాడు: "అమ్మయ్య, పతకం దక్కింది!" ఒకటి రెండు మార్కుల్లో ర్యాంకు పోయిన పిల్లలు, ఒక్క మార్కుతో ఉద్యోగం పోగొట్టుకున్న యువకులు అందరికంటె ఎక్కువగా ఎందుకు కుంగిపోతారో ఇప్పుడు అర్థమైందా? అంత దగ్గరిదాకా వెళ్ళినవాడు చేతకానివాడు కాదు. వాడు చూస్తున్న దిక్కు ఒక్కటే వాణ్ణి ఏడిపిస్తోంది.

ఒంటి మీద దీని ప్రభావం

"మనసులో అనుకుంటే ఒళ్ళు ఎందుకు చెడుతుంది?" అని మీరడగవచ్చు. పులి ఎదురుపడితే మన శరీరం ఏం చేస్తుంది? అడ్రినలిన్, కార్టిజాల్ అనే హార్మోన్లు రక్తంలోకి వస్తాయి. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, జీర్ణక్రియ మందగిస్తుంది. పరిగెత్తడానికో, ఎదిరించడానికో ఇవి అవసరమే. పులి వెళ్ళిపోగానే అన్నీ సర్దుకుంటాయి.

కాని పోలిక అనే పులి వెళ్ళిపోదు. పొద్దున ఫోనులో ఉంటుంది, మధ్యాహ్నం ఆఫీసులో ఉంటుంది, రాత్రి తలగడ మీద ఉంటుంది. శరీరం రోజంతా పరుగుకు సిద్ధంగా బిగుసుకునే ఉంటుంది. అందువల్లనే మెడ నొప్పులు, తలనొప్పి, గుండెదడ, కడుపు ఉబ్బరం, నిద్రలేమి. నిద్ర చాలక మర్నాడు చికాకు, చికాకులో పని చెడడం, పని చెడిందని మళ్ళీ దిగులు. ఇది గానుగ ఎద్దు తిరుగుడు లాంటిది. కొందరు దీన్ని మరచిపోవడానికి తాగుడు మొదలు పెడతారు. మద్యం రెండు గంటలు మత్తు ఇస్తుంది, నిద్రను చెడగొడుతుంది, దిగులును మరింత పెంచుతుంది.

పోలికను మందుగా మార్చుకోవడం

ఒకే మొక్కలో విషమూ, మందూ ఉన్నట్టు పోలికలోనూ రెండు గుణాలున్నాయి. మీకంటె ముందున్న వాణ్ణి చూసి "వాడికే ఎందుకు? నాకెందుకు లేదు?" అని అడిగితే అది విషం. "వాడు ఎలా చేశాడు? నేనేం నేర్చుకోవచ్చు?" అని అడిగితే అది మందు. మొదటి ప్రశ్నకు జవాబు లేదు. రెండో ప్రశ్నకు జవాబు రేపు పొద్దున్నే చెయ్యదగిన పని.

డాక్టర్ సి. నారాయణరెడ్డి గారు మనందరికీ తెలుసు. ఆయన 1931లో ఇప్పటి సిరిసిల్ల జిల్లాలో ఉన్న హనుమాజీపేటలో పుట్టారు. నిజాం కాలం కనుక చదువు ఉర్దూ మాధ్యమంలో సాగింది. తెలుగు మాధ్యమంలో చదివిన వాళ్ళతో పోల్చుకుని "నాకు తెలుగు రాదులే" అని ఆయన అక్కడే ఆగిపోయి ఉండవచ్చు. ఆగలేదు. తెలుగు ఆచార్యులయ్యారు, 1988 సంవత్సరానికి జ్ఞానపీఠ పురస్కారం అందుకున్నారు.

ఇటు ఆదిలాబాద్ అడవుల వైపు చూడండి. మార్లవాయి గ్రామానికి చెందిన కనకరాజు గారు తమ గోండుల గుస్సాడీ నృత్యాన్నే జీవితమంతా సాధన చేశారు, కుర్రవాళ్ళకు నేర్పారు. 2021లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు.

ఈ ఇద్దరిలో ఎవరు గొప్ప? ఆ ప్రశ్నకు అర్థమే లేదు కదా! ఒకరి కొలబద్దతో రెండోవారిని కొలవలేం. మీకూ మీ పక్కింటివారికీ కూడా ఇదే న్యాయం వర్తిస్తుంది. అయితే ఒక హెచ్చరిక. ఇలాంటి పెద్దల పేర్లు చెప్పి "చూడు, వాళ్ళెంత ఎదిగారో, నువ్వూ ఉన్నావు" అని పిల్లల్ని సాధించకండి. అప్పుడు ఇది కూడా మరో పోలికే అవుతుంది.

ఏం చెయ్యాలి?

1. పేరు పెట్టి గుర్తించండి. ఎవరి కబురు విన్నాక, ఎవరి ఫోటో చూశాక మనసు బరువెక్కిందో వారం రోజులు ఒక కాగితం మీద రాయండి. చాలామందికి అదే ఇద్దరు ముగ్గురు మనుషులు, అవే ఒకటి రెండు విషయాలు మళ్ళీ మళ్ళీ కనబడతాయి. శత్రువు ఎవరో తెలిస్తే సగం భయం పోతుంది.

2. నిన్నటి మీతో పోల్చుకోండి. ఒక నోటుబుక్కు కొనండి. ప్రతి ఆదివారం రాత్రి మూడు విషయాలు రాయండి: ఈ వారం కొత్తగా ఏం నేర్చుకున్నాను? ఏ పని పోయిన వారం కంటె మెరుగ్గా చేశాను? వచ్చే వారం ఏ ఒక్కటి చెయ్యాలి? మూడు నెలల తరవాత మొదటి పేజీ తిప్పి చూడండి. మీరెంత దూరం నడిచారో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

3. చేతిలో ఉన్నదీ, లేనిదీ వేరు చెయ్యండి. తెలంగాణలో గ్రూప్-1 ప్రిలిమినరీ పరీక్ష 2022 అక్టోబరులో జరిగి 2023 మార్చిలో రద్దయింది. 2023 జూన్‌లో మళ్ళీ జరిగి అదీ రద్దయింది. చివరికి 2024 జూన్‌లో మరోసారి రాయవలసి వచ్చింది. ఆ ఏళ్ళు ఆలస్యం కావడంలో అభ్యర్థి తప్పు ఏముంది? ఈలోగా స్నేహితుడు ప్రైవేటు కొలువులో స్థిరపడి ఉండవచ్చు. "వాడు ముందుకు పోయాడు, నేను వెనకబడ్డాను" అనుకోవడం న్యాయమా? పరీక్ష తేదీ మీ చేతిలో లేదు. ఈ రోజు చదివే మూడు గంటలు మీ చేతిలో ఉన్నాయి. అలాగే "ఇన్నేళ్ళ వరకు ప్రయత్నిస్తాను, తరవాత మరో దారి చూసుకుంటాను" అని గడువు పెట్టుకోవడమూ మీ చేతిలోనే ఉంది. గడువు పెట్టుకుని దారి మార్చుకున్నవాడు ఓడిపోయినవాడు కాడు.

4. పని చిన్నదిగా చేసుకోండి. "ఇంగ్లీషు బాగా నేర్చుకోవాలి" అనేది కోరిక. "రోజూ పది కొత్త మాటలు నేర్చుకుని వాటితో వాక్యాలు రాస్తాను" అనేది పని. కోరికను పనిగా మార్చినప్పుడే ఎదుగుదల మొదలవుతుంది. కరీంనగర్ వెండి తీగ పనివాణ్ణి ఎప్పుడైనా చూశారా? సన్నని తీగను వంచి, పక్కపక్కన పేర్చి, ఒక్కొక్క ఆకూ, ఒక్కొక్క పువ్వూ చేస్తాడు. పక్కవాడి బల్ల మీదికి చూస్తూ కూర్చుంటే ఆ తీగ వంగదు.

5. ఒంటిని కదిలించండి. వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం పెద్దలకు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట వేగంగా నడిస్తే సరిపోతుంది. నడక దిగులును తగ్గిస్తుంది, నిద్ర తెస్తుంది.

6. నిద్రకు ముందు గంటసేపు ఫోను పక్క గదిలో పెట్టండి. అలారం కోసమని సాకు చెప్పకండి, చిన్న టేబులు గడియారం కొనుక్కోండి.

7. ఒక్క మనిషికైనా ఉన్నదున్నట్టు చెప్పండి. నమ్మకస్తుడైన స్నేహితుడికి మీ బాధ చెబితే, "నాకూ అట్లనే ఉంటది" అనే జవాబు వస్తుంది చాలాసార్లు. మీరు ఒంటరి కాదని తెలిసిన క్షణాన బరువు సగం దిగుతుంది.

తల్లిదండ్రులకు నాలుగు మాటలు

"గా ఎదురింటోళ్ళ పిల్లను సూడు, ఎంత మంచిగ సదువుతుందో!" ఈ మాట అనని ఇల్లు ఉందా? మీ ఉద్దేశం మంచిదే. పిల్లవాడికి పౌరుషం వచ్చి చదువుతాడని మీ ఆశ. కాని వాడికి వినబడేది వేరు: "నువ్వు నాకు నచ్చలేదు. ఆ పిల్ల మా బిడ్డ అయితే బాగుండేది." ఇక ఆ ఎదురింటి పిల్లంటే వీడికి ద్వేషం, చదువంటే భయం. పౌరుషం మాత్రం రాదు. అన్నదమ్ముల మధ్య, అక్కాచెల్లెళ్ళ మధ్య పోలిక పెడితే ఆ పగ కొందరిలో ముసలితనం దాకా ఉండిపోతుంది.

మెచ్చుకోవడంలో కూడా ఒక పద్ధతి ఉంది. 1998లో ప్రచురించిన ఒక అధ్యయనంలో అమెరికాలో ఐదో తరగతి పిల్లలను రెండు రకాలుగా మెచ్చుకున్నారు. కొందరిని "నువ్వు తెలివైనవాడివి" అన్నారు. కొందరిని "నువ్వు కష్టపడ్డావు" అన్నారు. తరవాత కష్టమైన ప్రశ్నలు ఇచ్చినప్పుడు, తెలివైనవాడివి అనిపించుకున్న పిల్లలు త్వరగా నిరుత్సాహపడ్డారు. కష్టపడ్డావు అనిపించుకున్న పిల్లలు వదలకుండా ప్రయత్నించారు. కనుక మార్కులను కాదు, పట్టుదలను మెచ్చుకోండి. "నీకెన్ని వచ్చినయ్? వానికెన్ని వచ్చినయ్?" అనే రెండు ప్రశ్నల్లో రెండోది మానెయ్యండి.

ఫలితాలు వచ్చే రోజున మరింత జాగ్రత్త కావాలి. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు తెలంగాణలో ఎన్ని ఇళ్ళు చీకటయ్యాయో మీరు మరచిపోయి ఉండరు. ఫెయిలైన పిల్లవాణ్ణి ఆ రోజు ఒంటరిగా వదలకండి. చుట్టాల ఫోన్లు మీరే ఎత్తి మాట్లాడండి. ముందు అన్నం పెట్టండి. "సప్లిమెంటరీ ఉన్నది, మేమున్నం" అనండి. మిగతా మాటలన్నీ వారం తరవాత.

డాక్టరును ఎప్పుడు చూడాలి?

పోలిక వల్ల కలిగే దిగులు మామూలుగా రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది. అలా కాక రెండు వారాలకు పైగా, దాదాపు రోజంతా, కింది లక్షణాలుంటే అది డిప్రెషన్ కావచ్చు. ఎప్పుడూ దిగులుగా ఉండడం, ఇదివరకు ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోవడం, నిద్ర, ఆకలి బాగా తగ్గడం లేక పెరగడం, ఎప్పుడూ నీరసం, ఏకాగ్రత లేకపోవడం, "నేను దేనికీ పనికిరాను" అనే ఆలోచన, చావు గురించి ఆలోచనలు.

డిప్రెషన్ సోమరితనం కాదు, గ్రహపాటు కాదు. అది జబ్బు, చికిత్స ఉన్న జబ్బు. మాటలతో చేసే చికిత్స ఉంది, మందులూ ఉన్నాయి. ఈ మందులు పని చెయ్యడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. "నాలుగు రోజులు వాడాను, గుణం లేదు" అని మానెయ్యకండి. బాగైన తరవాత కూడా డాక్టరు చెప్పకుండా ఒక్కసారిగా ఆపకండి.

ఆదిలాబాద్‌లో రిమ్స్ ఎప్పటినుంచో ఉంది. 2022, 2023 సంవత్సరాల్లో మంచిర్యాల, రామగుండం, జగిత్యాల, కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్‌లలో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. వాటి ఆస్పత్రుల్లో మానసిక వైద్యుడు ఏ రోజుల్లో చూస్తారో ఓ.పి. చీటీ రాసేచోట అడగండి. వెళ్ళలేనివారు 14416 నంబరుకు ఫోను చెయ్యండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి-మానస్ ఇది. పగలూ రాత్రీ పని చేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు.

చావు ఆలోచనలు వస్తున్నాయని ఎవరైనా అంటే తేలికగా తీసుకోకండి. వాళ్ళను ఒంటరిగా విడవకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్ళండి.

కొన్ని సందేహాలు

"పోల్చుకోకపోతే పట్టుదల తగ్గిపోదా?"

తగ్గదు. పక్కవాడి భయంతో పరిగెత్తేవాడు వాడు కనబడనప్పుడు ఆగిపోతాడు. తన పని మీద ఇష్టంతో నడిచేవాడు ఎవరూ చూడకపోయినా నడుస్తాడు. పరీక్షల్లో పోటీ ఉంటుంది, కాదనలేం. పోటీ పరీక్ష హాలులో ఉండాలి. దాన్ని అన్నం కంచం దాకా, పక్క దాకా తెచ్చుకోకూడదు.

"నాకంటె తక్కువ ఉన్నవాళ్ళను చూసుకుంటే తృప్తి కలుగుతుంది కదా?"

కాసేపు కలుగుతుంది. కాని అది కూడా పోలికే. రేపు ఆ తక్కువవాడు పైకి వస్తే మీ తృప్తి పోతుంది. ఎదుటివాడి కష్టం మీద మన సుఖాన్ని నిలబెట్టుకోవడం కంటె, వాడికి ఓ సాయం చెయ్యడంలో ఎక్కువ తృప్తి ఉంది.

"మా పిల్లవాడు ఏదీ చెప్పడు. చావు ఆలోచనలున్నాయా అని అడిగితే లేని ఆలోచన పుట్టదా?"

ఇది చాలామందికి ఉన్న అపోహ. అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. నెమ్మదిగా, కోపం లేకుండా అడిగితే, దాచుకున్న బాధ బయటికి చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది. తప్పక అడగండి, అడిగాక మధ్యలో అడ్డు రాకుండా వినండి.

"నా వయసు యాభై. ఇప్పుడిక ఎదిగేదేముంది?"

ఎదగడమంటే జీతం పెరగడం, మేడ పెరగడం అనుకుంటే మీ మాట నిజమే కావచ్చు. కాని ఈత, హార్మోనియం, ఉర్దూ, తోటపని, స్మార్ట్‌ఫోను వాడకం - వీటిలో ఏది నేర్చుకోవడానికీ యాభై ఎక్కువ వయసు కాదు. నెమ్మదిగానైనా కొత్త విషయాలు నేర్చుకునే శక్తి మెదడుకు పెద్ద వయసులో కూడా ఉంటుంది. ఆ నోటుబుక్కు మీరూ కొనుక్కోండి. ఈ ఆదివారమే మొదటి పేజీ రాయండి.